ఉప్పునీటి తొట్టెకు నురుగే రక్ష
* మలినం కుళ్లకముందే బయటకు పంపే ప్రోటీన్ స్కిమ్మర్
* అమరికలో తొందరపడితే చేపల ప్రాణాలకే ముప్పు
* సీమ ఎండలు, బోరునీటి కాఠిన్యం, కరెంటు కోతలతో అదనపు జాగ్రత్తలు అవసరం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: నారింజ రంగుపై తెల్లని పట్టీలతో మెరిసే క్లౌన్ చేపను చూసి ముచ్చటపడని వారుండరు. 2003లో విడుదలైన 'ఫైండింగ్ నెమో' చిత్రంతో ఈ చేప ప్రపంచమంతటా పిల్లలకు చేరువైంది. అయితే మంచినీటి తొట్టెలో గోల్డ్ ఫిష్‌ను పెంచినంత తేలికగా దీనిని పెంచడం సాధ్యం కాదు. సముద్రంలో అలలు, ప్రవాహాలు, కోట్లాది సూక్ష్మజీవులు కలిసి చేసే శుద్ధి పనిని నాలుగు గాజు పలకల మధ్య పెంపకందారుడే చేయించాలి. ఆ పనిలో తొలి మెట్టు ప్రోటీన్ స్కిమ్మర్. సముద్రానికి 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ మూడు పట్టణాల్లో ఉప్పునీటి తొట్టె పెట్టదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది దీని గురించే.

పప్పు మీది తెట్టు సూత్రమే..
పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే తెట్టును గరిటెతో తీసివేయడం ప్రతి ఇంటా ఉన్నదే. బెల్లం గానుగ వద్ద మరిగే చెరకు రసం మీది తెట్టును తీసినా అదే సూత్రం. చేపల విసర్జకాలు, తినగా మిగిలిన మేత, వాటి ఒంటి జిగురు నుంచి మాంసకృత్తులు, కొవ్వులు నీటిలో చేరుతుంటాయి. ఈ అణువుల్లో ఒక కొన నీటిని కోరుతుంది, మరో కొన నీటికి దూరంగా జరుగుతుంది. గాలి బుడగ ఎదురైతే నీటిని వద్దనే కొన దానికి అంటుకుంటుంది. స్కిమ్మర్ గొట్టంలో పంపు సన్నని బుడగలను లక్షలుగా పుట్టిస్తుంది. అవి మలినాన్ని మోసుకుంటూ పైకి లేచి, నురుగై, సన్నని మెడ గుండా పై గిన్నెలోకి పొర్లుతాయి. 1960వ దశకంలో జర్మనీలోని పెంపకందారులు వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతి నేడు పెద్ద ప్రదర్శనశాలలు, చేపల హేచరీలకూ విస్తరించింది.

బుడగ ఎంత సన్ననైతే అంత మేలు. అదే పరిమాణం గాలిని సగం వ్యాసం గల బుడగలుగా విడగొడితే మలినం అంటుకునే ఉపరితలం రెట్టింపవుతుంది. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సన్నగానే నిలుస్తాయి. మంచినీటిలో అవి కలిసి పెద్దవై పగిలిపోతాయి. అందువల్లనే ఈ పరికరం మంచినీటి తొట్టెలో అక్కరకు రాదు.

అమ్మోనియా పుట్టకముందే..
నీటిలో మిగిలిన మాంసకృత్తులు కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. స్కిమ్మర్ ఈ గొలుసు మొదలుకాకముందే ముడిసరుకును బయటకు పంపుతుంది. అప్పటికే పుట్టిన అమ్మోనియాను గానీ, పేరుకున్న నైట్రేట్‌ను గానీ అది తీసివేయలేదు. ఈ తేడా తెలియక, స్కిమ్మర్ ఉంది కదా అని మొదటి వారంలోనే చేపలు వదిలితే అవి దక్కవు. సూక్ష్మజీవులు స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్ష కిట్‌తో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరాకే తొలి చేపను వదలాలి.

నీరే మొదటి సమస్య
సున్నపురాయికి, కడప బండలకు పేరుపడిన ప్రాంతమిది. బోరునీటిలో కాఠిన్యం ఎక్కువ. లోతైన బోర్ల నీటిలో ఇతర లవణాలూ కరిగి ఉంటాయి. ఆ నీటిలో సముద్రపు ఉప్పు కలిపితే లవణాల పాళ్లు తప్పుతాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ సైతం చేపలకు హాని చేస్తుంది. కనుక ఆర్వో యంత్రంలో శుద్ధి చేసిన నీటినే వాడాలి. క్యాన్లలో కొనే నీటినైనా టీడీఎస్ మీటరుతో చూసుకోవాలి. విలువ సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్ర లవణ మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున, అంటే 200 లీటర్ల తొట్టెకు 7 కిలోల వరకు కలపాలి. 25 డిగ్రీల వద్ద సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉండేలా హైడ్రోమీటరుతో సరిచూసుకోవాలి. నీటి బరువే 200 కిలోలు దాటుతుంది కాబట్టి కింది బల్ల దృఢంగా ఉండాలి.

అమర్చే తీరు ఇదీ..
స్కిమ్మర్‌ను ప్రధాన తొట్టె కింద పెట్టే చిన్న తొట్టెలో నిలపడం మేలు. తొట్టె సామర్థ్యం కంటే కొంత ఎక్కువ లీటర్లకు సరిపడేది ఎంచుకోవాలి. బిగించే ముందు వెనిగర్ కలిపిన నీటితో, ఆపై ఆర్వో నీటితో కడగాలి. అది నిలిచే అరలో నీటిమట్టం ఎంత ఉండాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. పలు నమూనాలకు 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. ఆ మట్టం మారకుండా మధ్యలో అడ్డుపలక పెట్టాలి. మట్టం మారితే నురుగు ఎత్తు కూడా మారుతుంది.

కొత్త పరికరం తొలి రోజుల్లో నురుగు కట్టకపోవచ్చు, లేదా ఒక్కసారిగా పొంగవచ్చు. లోపలి గోడలకున్న జిడ్డు పోయే వరకు కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఇలా జరుగుతుంది. వాల్వును మొదట పూర్తిగా తెరిచి ఉంచి, రోజుకు కొంచెం చొప్పున బిగిస్తూ నురుగును మెడ వరకు తేవాలి. గిన్నెలో చేరే ద్రవం టీ డికాక్షన్ రంగులో ఉంటే అమరిక కుదిరినట్లే. పలచగా నీళ్లలా పడితే మట్టం ఎక్కువైందని, చిక్కగా నల్లగా కొద్దిగానే వస్తే తక్కువైందని గుర్తించాలి.

మెడ శుభ్రమే కీలకం
మెడ లోపల జిడ్డు పేరుకుంటే నురుగు పైకి ఎక్కదు. రెండు మూడు రోజులకోసారి గిన్నెను, మెడను కడగాలి. సబ్బు వాడరాదు. ఒకటి రెండు నెలలకోసారి పంపును వెనిగర్ నీటిలో నానబెడితే పేరుకున్న సున్నం వదులుతుంది. మేత వేసిన గంట రెండు గంటలు నురుగు తగ్గడం సహజం. నూనె, క్రీము అంటిన చేతులు తొట్టెలో పెట్టినా అంతే. మందులు, నీటిని సరిచేసే ద్రవాలు కలిపితే మాత్రం నురుగు విపరీతంగా పొంగుతుంది. అప్పుడు గిన్నెను గమనిస్తూ ఉండాలి.

గది గాలే స్కిమ్మర్ లోపలికి వెళుతుందన్న సంగతి చాలామంది మరుస్తారు. దోమల చక్రం పొగ, పురుగుల మందు, కొత్త రంగుల వాసన అన్నీ నీటిలో కలుస్తాయి. దోమల మందు చల్లే గదిలో తొట్టె పెట్టకపోవడమే క్షేమం.

ఎండ, కోతల కాలంలో..
ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. బుడగల ద్వారా గాలిని కలిపే స్కిమ్మర్ అప్పుడు ఊపిరి కూడా అందిస్తుంది. నీరు 30 డిగ్రీలు దాటకుండా చూడాలి. ఇక్కడి పొడి వాతావరణంలో నీటిపై చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల కొంత చల్లబడుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కనుక ఆ లోటును ఆర్వో నీటితోనే పూడ్చాలి. గిన్నెలోకి పోయిన నీటికి బదులు మాత్రం ఉప్పునీరు పోయాలి.

కరెంటు పోతే పై తొట్టెలోని నీరు కొంత కిందికి దిగుతుంది. కింది తొట్టెలో అందుకు తగ్గ ఖాళీ ఉంచాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు చేతిలో ఉండాలి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు నురుగు పొంగే అవకాశం ఉంది. తీగను ప్లగ్గు కంటే కిందికి వంచి పైకి తేవడం వల్ల నీటి చుక్కలు స్విచ్చులోకి పోవు. ఎర్తింగ్, విద్యుత్ లీకేజీని పసిగట్టే ఈఎల్‌సీబీ తప్పనిసరి.

చట్టం ఏం చెబుతోంది?
సముద్రపు గుర్రాలు, దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణలో ఉన్నాయి. ఎండిన పగడపు ముక్కల వ్యాపారం సైతం నేరమే. అలంకరణకు పింగాణీ రాళ్లు చాలు. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతులను రూపొందించింది. పగడపు దిబ్బల నుంచి పట్టి తెచ్చిన చేప కంటే హేచరీలో పుట్టి తొట్టె జీవితానికి, మేతకు అలవాటుపడిన చేపే నిలుస్తుంది. దిబ్బపై భారమూ తగ్గుతుంది.

నీరు సిద్ధం చేయడం, స్కిమ్మర్ నురుగు కుదిరే వరకు చూడడం, పరీక్షలో విషం లేదని తేల్చుకోవడం.. ఈ మూడూ పూర్తయ్యాకే చేపను కొనాలి. రెండు వారాలకోసారి పదో వంతు నీటిని మార్చడం ఆపకూడదు. ఈ ఓపిక లేని ఇంట తొట్టె ఖాళీగా ఉండటమే ఆ చేపకు మేలు.