చెయ్యి వణికిందా... మర వదులైందా?

"నిన్న చక్కగా నల్లచుక్క మీదే పడ్డాయండీ. ఇవాళ అదే రైఫిలు, అదే పిల్ల... పెల్లెట్లన్నీ కుడిపక్కకి పోతున్నాయి. ధ్యాస పెట్టట్లేదంటారా?"

షూటింగ్ నేర్చుకునే ఆడపిల్లల తల్లులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. దీనికి ఇంట్లో బాబాయిల నుంచి పక్కింటి అంకుల్ దాకా అందరి దగ్గరా ఒకటే జవాబు. చెయ్యి వణుకుతోంది! ఆడపిల్ల కదా, అంత బరువు ఎక్కడ మోస్తుంది!

కాలేజీలో ఎన్.సి.సి. రైఫిల్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు మా ఊళ్లో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతున్నదాన్ని. నేను చూసినంతలో, చెయ్యి వణికితే పెల్లెట్లు చెల్లాచెదురుగా పడతాయి. గుంపు గుంపుగానే ఉండి చోటు మాత్రం మారిందా... ముందు పిల్లని కాదు, స్కోపుని అనుమానించండి.

స్కోపులో కనిపించే ప్లస్ గుర్తు ఎక్కడ పెడితే పెల్లెట్ అక్కడే పడేలా సరిచేసుకోవడాన్ని 'జీరో' చెయ్యడం అంటారు. మన పిల్లలకైతే 10 మీటర్ల దూరానికి చేస్తాం. ఒలింపిక్స్‌లో ఈ దూరానికి స్కోపు వాడనివ్వరు. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు పతకం గెలిచింది చిన్న చిల్లులోంచి చూసే పీప్ సైట్‌తోనే. కానీ మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది చేతిలో ఉండేది స్ప్రింగు రైఫిలు, దానిమీద ఓ స్కోపు.

ఆ స్ప్రింగుతోనే వస్తుంది తంటా అంతా. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిలు వెనక్కి తంతుంది. మరుక్షణం పిస్టన్ ఠక్కున ఆగుతుంది, ఈసారి రైఫిలు ముందుకు కుదుపుతుంది. అంటే ఒక్క పెల్లెట్‌కి రెండు దెబ్బలు, అవీ ఎదురెదురు దిక్కుల్లో! పెద్ద తుపాకుల స్కోపులు వెనక్కి తన్నే దెబ్బకే తయారైనవి. అందుకే ఖరీదైన స్కోపు కూడా ఈ చిన్న రైఫిల్ మీద పాడైపోవచ్చు. కొనేటప్పుడే "స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి తట్టుకునేదేనా?" అని గట్టిగా అడగండి.

పోయినేడాది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. రెండు నెలలుగా గురి నిలవట్లేదట. "మాన్పించి ట్యూషన్‌లో వేసేద్దాం అంటున్నారండీ వాళ్ల నాన్న" అంది తల్లి. చెయ్యి గట్టిపడాలని ఆ పిల్ల రోజూ నీళ్లసీసాలు ఎత్తి ఎత్తి భుజాలు నొప్పి తెచ్చుకుంది, పాపం! రైఫిల్ చేతికి తీసుకుని చూద్దును కదా, స్కోపుని పట్టి ఉంచే మౌంట్ పట్టీ మీద వెనక్కి జారింది. జారినంత మేరా నల్లరంగు లేచిపోయి తెల్లగా గీత! దాన్ని సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ జీరో చేశాక అయిదు పెల్లెట్లూ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. ఆ పిల్ల నవ్వలేదు. "మరి ఈ సంగతి నాన్నకి మీరే చెప్తారా మేడమ్?" అంది.

నెయిల్ పాలిష్ తెచ్చుకోండి

ముందుగా రైఫిల్‌లో పెల్లెట్ లేదని, స్ప్రింగు ఎక్కించి లేదని చూసుకోండి. గొట్టం మనుషుల వైపు ఉండకూడదు. ఆ తర్వాతే ఎలెన్ కీ పట్టుకోండి.

చెక్కని ఇనుముకి పట్టి ఉంచే మరలు స్ప్రింగు రైఫిళ్లలో అన్నిటికంటే ముందు వదులవుతాయి. అవి చూశాక మౌంట్ మరలు, ఆ తర్వాత స్కోపు చుట్టూ ఉండే రింగుల మరలు. పట్టీ మీద నూనె జిడ్డుంటే శుభ్రంగా తుడవండి. పట్టీ వెనకవైపు చిన్న గుంట, మౌంట్ అడుగున చిన్న పిన్ను ఉంటే, ఆ పిన్ను గుంటలోకి దిగాలి. అప్పుడిక జారదు. రింగుల మరలు ఒక్కోటీ ఒక్కసారే కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. బలం ఉంది కదా అని తెగ బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది.

బిగించాక మర తల మీంచి మౌంట్ మీదకి నెయిల్ పాలిష్‌తో ఓ సన్నగీత గీయండి. వారం తర్వాత గీత విరిగి కనిపిస్తే మర తిరిగిందన్నమాటే! మావారి పనిముట్ల పెట్టెలో ఇప్పుడు ఓ ఎర్ర నెయిల్ పాలిష్ సీసా శాశ్వతంగా ఉంటోంది.

మరలన్నీ గట్టిగానే ఉన్నాయా? అయితే స్కోపు మీది గుండీలు చూడండి. కొందరు పైకి తిప్పి తిప్పి, ఇక తిరగదన్నదాకా తెస్తారు. అక్కడ లోపలి చిన్న స్ప్రింగు పట్టు తప్పి, ప్రతి కుదుపుకీ గురి జరుగుతుంది. గొట్టం మడిచే రైఫిళ్లలో గొట్టం కాస్త కిందికి చూస్తుండటం మామూలే. అలాంటప్పుడు వెనక రింగులో, స్కోపు కింద, పాత ఫోటో నెగెటివ్ ముక్క ఒకటి వేస్తే గుండీని అంతగా తిప్పక్కర్లేదు.

స్కోపు లోపలే తేడా ఉందేమో తెలుసుకోవాలంటే మూడు పెల్లెట్లు కాల్చి, గుండీ 20 క్లిక్కులు పైకి, మళ్లీ మూడు... అలా 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి. ఎప్పుడూ మొదటి చుక్కకే గురిపెట్టాలి. పావు మినిట్ క్లిక్కయితే 10 మీటర్ల దగ్గర ఒక్కోటి 0.7 మిల్లీమీటర్లు, 20కి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. చివరి మూడూ మొదటి చోటుకే తిరిగొస్తే స్కోపు క్లిక్కులు సరిగ్గానే పనిచేస్తున్నట్టు.

ఇంకొకటి. రైఫిల్‌ని దిండు మీద కదలకుండా పెట్టి, తల మాత్రం అటూఇటూ ఆడిస్తూ చూడండి. ప్లస్ గుర్తు కాయితం మీద ఈదుతోందా? ఆ స్కోపు దూరపు గురికి సరిచేసినది. 10 మీటర్లకి సరిపెట్టుకోగలిగినదే కావాలి. లేదా చెంప ప్రతిసారీ చెక్క మీద ఒకేచోట ఆనాలి.

పిల్ల వైపు చూడాల్సినవీ లేకపోలేదు. స్ప్రింగు రైఫిల్‌ని ఒకరోజు గట్టిగా, ఒకరోజు వదులుగా పట్టుకుంటే గుంపు నిజంగానే జరుగుతుంది. పెల్లెట్ల డబ్బా మారినా అంతే. ఒక్కో పెల్లెట్‌కీ గుండీ తిప్పే అలవాటు మాత్రం మాన్పించండి. అయిదు కాల్చి, గుంపు మధ్యని చూసి తిప్పాలి.

ఇన్ని చేసినా నిలవకపోతే స్కోపు తీసేసి, రైఫిల్‌కి ఉండే మామూలు సైటుతో అయిదు కాల్చమనండి. రెండు మూడు రోజులు అదే చోట పడితే తప్పు స్కోపుదే. ఇంట్లో విప్పకండి, వారంటీ పోతుంది. కాల్చిన కాయితాల మీద తేదీ, పెల్లెట్ డబ్బా పేరు, తిప్పిన క్లిక్కులు రాసి దుకాణానికి తీసుకెళ్లండి. "పాపకింకా అలవాటు కాలేదేమోనమ్మా" అని ఆయన అంటాడు. అప్పుడు ఆ కాయితాలు బల్లమీద పరచండి.