సూదితో అక్షరాభ్యాసం

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో ఆడపిల్ల చేతికి కలం కంటే ముందు సూది వచ్చేది. చాలామందికి కలం రానే లేదు. గుడ్డ మీద వాళ్ళు కుట్టుకున్న పేర్లే వాళ్ళు మనకు వదిలి వెళ్ళిన సంతకాలు.

మసాచుసెట్స్‌లోని ప్లిమత్ ఊళ్ళో పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియం ఉంది. అందులో కండువాలా సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక నార గుడ్డను భద్రంగా దాచారు. దాని మీద పట్టు దారంతో వరస కింద వరసగా పూలూ లతలూ కుట్టి ఉన్నాయి. అడుగున చిన్న ప్రార్థన ఉంది. ఆ ప్రార్థన కుట్టిన పిల్ల పేరుతోనే మొదలవుతుంది: లోరా స్టాండిష్. ఇది సుమారు 1653 నాటిది. అమెరికా గడ్డ మీద తయారై ఇప్పటికీ నిలిచిన ఇలాంటి కుట్టు నమూనా గుడ్డల్లో, అంటే శాంప్లర్లలో, ఇదే అన్నిటికన్నా పాతదని చెబుతారు.

పుస్తకానికి బదులు గుడ్డ

శాంప్లర్ అనే మాటకు మూలం లాటిన్ 'ఎగ్జెంప్లమ్', అంటే నమూనా. అచ్చు డిజైన్లు అరుదైన కాలంలో, నచ్చిన కుట్టు కంటబడితే గుడ్డ ముక్క మీద ఎక్కించి, చుట్టచుట్టి దాచుకునేవారు. తేదీ కుట్టి ఉన్న ఇంగ్లిష్ శాంప్లర్లలో మొదటిది 1598 నాటిది. జేన్ బోస్టాక్ పేరున్న ఆ గుడ్డ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వలస కుటుంబాలతో పాటు ఈ అలవాటూ ఓడెక్కింది. 18వ శతాబ్దానికి అది బడి చదువులో భాగమైంది. గుడ్డ వెడల్పయింది. దాని మీదికి అక్షరమాల, అంకెలు, నీతి పద్యం, చుట్టూ పూల అంచు వచ్చి చేరాయి. కింద పిల్ల పేరు, వయసు, సంవత్సరం ఉండేవి.

చాకలి గుర్తు కోసం

అక్షరాలే ఎందుకు? ఆ ఇళ్ళల్లో దుప్పట్లు, చొక్కాలు, తువ్వాళ్ళు విలువైన ఆస్తి. మన చాకలి గుర్తులాగే ప్రతిదాని మూలనా ఇంటివాళ్ళ పొడి అక్షరాలు, వరస అంకె క్రాస్ కుట్టుతో వేసేవారు. రేపు ఇల్లు దిద్దుకోవలసిన పిల్లకు ఆ పని వచ్చి తీరాలి.

1642లోనే మసాచుసెట్స్ చట్టం పిల్లలకు చదవడం నేర్పాలని చెప్పింది. రాయడం మాత్రం వేరే విద్య. లెక్కలు చూసుకోవలసిన మగపిల్లలకే అది అవసరమనుకున్నారు. అందుకే అక్షరం చదవగలిగీ, కాగితం మీద సంతకం బదులు గీత గీసిన ఆడవాళ్ళు ఎందరో. అదే అక్షరాన్ని వాళ్ళు గుడ్డ మీద ఒక్క పోగు తప్పకుండా నిలబెట్టగలరు.

అందరూ ఇష్టంగా కుట్టలేదు. 1921లో అచ్చయిన 'అమెరికన్ శాంప్లర్స్' పుస్తకంలో మేరీల్యాండ్ పిల్ల ప్యాటీ పోక్ కుట్టిన గుడ్డ నమోదైంది. అది దేశం స్వతంత్రమయ్యాక, సుమారు 1800లో కుట్టినది. అప్పుడామెకు పదేళ్ళు. ఈ పనిలో ప్రతి కుట్టూ తనకు అసహ్యమనీ, చదువుకోవడమే తనకిష్టమనీ ఆ గుడ్డ మీదే కుట్టేసింది. ఏ సూదిని బలవంతంగా పట్టించారో ఆ సూదితోనే జవాబు చెప్పింది.

ఎవరి కోసం నేర్పారు?

1760లో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో నల్లజాతి పిల్లల కోసం బ్రే స్కూల్ తెరిచారు. వాళ్ళలో ఎక్కువమంది బానిసలు. పంతులమ్మ యాన్ వేజర్ వాళ్ళకు చదవడం నేర్పింది. ఆడపిల్లలకు కుట్టు, అల్లిక కూడా నేర్పాలని, అవి యజమానులకు పనికిరావాలని బడి నియమాల్లోనే రాశారు. సూది అదే, దారం అదే. ఒక పిల్ల కుట్టు అద్దాల చట్రంలో గోడకెక్కి ఇంటికి గౌరవమైంది. ఇంకో పిల్ల కుట్టు పరాయి ఇంటి దుప్పటి మూలన పరాయి పేరైంది. గోడ మీది శాంప్లర్ల అందం చూసేటప్పుడు, పేరు కుట్టుకునే వీలు దొరకని ఆ చేతులనూ తలుచుకోవాలి.

మళ్ళీ మొదట చూసిన గుడ్డ దగ్గరికి వద్దాం. లోరా తండ్రి మైల్స్ స్టాండిష్ 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చిన సైనికుడు. చరిత్ర పుస్తకాలకు ఆయన బాగా తెలుసు. కూతురు ఆయనకంటే ముందే పోయింది. 1656లో రాసిన వీలునామాలో, తనను లోరా పక్కనే, కోడలి పక్కనే పాతిపెట్టమని ఆయన కోరాడు. ఆ కాగితం మీద ఆమె పేరు తండ్రి తలుచుకుంటే వచ్చింది. గుడ్డ మీది పేరు మాత్రం ఆమె తనకు తానే పెట్టుకున్న సంతకం.