దగ్గు ఛాతీలో, దెబ్బ ఒళ్ళంతా

ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం వస్తే మన చెయ్యి ముందు మిరియాల డబ్బా మీదికే పోతుంది. మామూలు జలుబుకి మిరియాల పాలు హాయిగానే ఉంటాయి. కానీ ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తే, అంటే న్యుమోనియా వస్తే, సంగతి వేరు. గుండె, మూత్రపిండాలు, మెదడు కూడా దాని బారిన పడొచ్చు. ఎలాగంటారా?

మన ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటి గోడలు ఉల్లిపొర కంటే పల్చన. గోడకి అటు గాలి, ఇటు రక్తం. పైగా ఒంట్లో రక్తమంతా ఊపిరితిత్తుల మీదుగానే పోవాలి. ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్లు అలా వెళుతుంది. సాంబారులో ఓ మూల వేసిన ఉప్పు గిన్నెంతా కలిసినట్టు, అక్కడి విషం ఒళ్ళంతా పాకడానికి దారి సిద్ధంగా ఉందన్నమాట.

న్యుమోనియా తెచ్చే బాక్టీరియాల్లో ముఖ్యమైనది న్యుమోకోకస్. దీన్ని 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారే గుర్తించారు. ఇది న్యుమోలైసిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మన కణాల పొరలకి చిల్లులు పొడుస్తుంది. గాలి గది గోడ దెబ్బతింటే క్రిములూ, విషమూ రక్తంలోకి దిగుతాయి. ఈ విషం గుండె కండరాన్ని కూడా గాయపరుస్తుందని జంతువులపై చేసిన పరిశోధనల్లో తేలింది. న్యుమోనియా వచ్చిన పెద్దవాళ్ళ గుండె మీద డాక్టర్లు ఓ కన్నేసి ఉంచేది అందుకే.

క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియాలకి విషం పైపొరలోనే ఉంటుంది. అది రక్తంలో కలిస్తే మన రక్షక కణాలు ఒక్కసారిగా రెచ్చిపోతాయి. దొంగను పట్టబోయి ఇల్లంతా చిందరవందర చేసినట్టే! రక్తనాళాలు వదులై బి.పి. పడిపోతుంది. మూత్రపిండాలకి రక్తం చాలక మూత్రం తగ్గుతుంది. మాట తికమక అవుతుంది. దీన్నే సెప్సిస్ అంటారు. ఇందులో ప్రతి గంటా విలువైనదే.

ముసలివాళ్ళలో మరో చిక్కుంది. జ్వరం, దగ్గు పెద్దగా లేకుండానే న్యుమోనియా రావచ్చు. అత్తగారు ఉన్నట్టుండి అన్నం వద్దన్నా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, తూలి పడినా “వయసు మీద పడిందిలే” అని ఊరుకోకండి. అదే రోజు డాక్టరుకి చూపించండి.

గడియారం దగ్గర పెట్టుకుని, నిమ్మళంగా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఇంతకు చేరితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి:

2 నెలల లోపు పాపకి: 60
2 నెలల నుంచి ఏడాది లోపు: 50
ఏడాది నుంచి 5 ఏళ్ళ లోపు: 40
పెద్దవాళ్ళకి: 25 (మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది)

ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగరేసినా, పెదవులు నీలంగా మారినా, మూత్రం బాగా తగ్గినా, మగతగా పడి ఉన్నా లెక్కతో పనిలేదు, బయల్దేరండి.

డాక్టరు రాసిన మందులు జ్వరం తగ్గిందని మధ్యలో మానొద్దు. తగ్గాక కూడా కొన్ని వారాలు నీరసం ఉంటుంది. ఒళ్ళంతా దెబ్బతిన్నది కదా! రోగిని తొందరపెట్టి పనిలోకి దింపకండి.

పసిపిల్లలకి న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో ఉచితంగా ఇస్తున్నారు. 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి వేయించాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి అవసరమా అన్నది మీ డాక్టరుని అడగండి.