తెలుగు పలుకుబడిలో మానసికారోగ్యం: భావన – ప్రభావకారకాలు

వ్యాససంగ్రహం
మానసికారోగ్యం వైద్యశాస్త్రానికి సంబంధించిన విషయమే అయినా, మనసులోని బాధను గుర్తించడం మొదట భాషలోనే జరుగుతుంది. మనోవ్యథను తెలిపే తెలుగు మాటల ఆధారంగా మానసికారోగ్య భావనను, దానిని ప్రభావితం చేసే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మానసికారోగ్యం, శ్రేయస్సు, దిగులు, మనాది, నింద, పలుకుబడి.

1. ఉపోద్ఘాతం
ఆరోగ్యమంటే కేవలం రోగం లేకపోవడం కాదని, శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సుతో కూడిన సంపూర్ణ స్థితి అని 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి నిర్వచించింది. మానసికారోగ్యమంటే నిత్యం సంతోషంగా ఉండటం కాదు. ఆప్తులు మరణిస్తే దుఃఖించడం, పరీక్షకు ముందు ఆందోళన చెందడం సహజం. జీవితంలోని ఒత్తిళ్లను తట్టుకుంటూ, తన పని తాను చేసుకుంటూ, నలుగురితో కలిసి మెలగగలగడమే మానసికారోగ్యం.

2. మనోవ్యథను తెలిపే మాటలు
ఈ విషయంలో తెలుగు పదసంపద గొప్పది. లోలోపల కుంగిపోవడం 'దిగులు'. దూరమైనవారి కోసం పడే తపన 'బెంగ'. రాబోయేదాన్ని తలచుకొని కలిగే భయం 'గుబులు'. తెలంగాణ వ్యవహారంలో 'రంది', 'మనాది' ఉన్నాయి. 'మనాదితో మంచం పట్టింది' అనే వాక్యం మనసుకూ శరీరానికీ ఉన్న సంబంధాన్ని సామాన్యజనం ఏనాడో గుర్తించారని తెలుపుతుంది. 'గుండె బరువెక్కింది', 'కాళ్లూ చేతులూ ఆడటం లేదు' వంటి పలుకుబళ్లూ ఈ కోవలోనివే.

అయితే ఈ మాటలన్నీ ఒక చివర ఉంటే, మరొక చివర 'పిచ్చి' అనే ఒకే మాట ఉంది. దిగులుకు వైద్యం అవసరమని ఎవరూ అనుకోరు. పిచ్చి అని ఎవరూ ఒప్పుకోరు. ఈ రెంటి నడుమ ఉన్నవారికి భాషలో చోటు చాలదు. 'డిప్రెషన్', 'కుంగుబాటు' అనే మాటలు ఇటీవల ఆ ఖాళీని కొంత పూరిస్తున్నాయి.

3. ప్రభావకారకాలు
వ్యాధిని జైవిక, మానసిక, సామాజిక కోణాల నుంచి కలిపి చూడాలని జార్జ్ ఎంగెల్ 1977లో ప్రతిపాదించాడు. వంశపారంపర్యం, హార్మోన్ల మార్పులు, నిద్రలేమి జైవిక అంశాలు. బాల్యానుభవాలు, ఆలోచనా సరళి మానసికమైనవి. అప్పులు, నిరుద్యోగం, గృహహింస, కులవివక్ష, ఒంటరితనం సామాజికమైనవి.

ఇవి విడివిడిగా పనిచేయవు. ఒక బాలింతను ఉదాహరణగా తీసుకుందాం. ప్రసవం తరువాత హార్మోన్లు మారతాయి. రాత్రుళ్లు నిద్ర ఉండదు. ఆడపిల్ల పుట్టిందన్న దెప్పిపొడుపు తోడైతే ఆమె మరింత కుంగిపోతుంది. 'పచ్చి బాలింతవు, ఏడవకూడదు' అనే మాటతో ఆ బాధ చెప్పుకొనే దారి కూడా మూసుకుపోతుంది. ఇక్కడ శరీరం, మనసు, కుటుంబం మూడూ కారణాలే. కనుక మందుతోపాటు నిద్ర, తోడు, ఓదార్పు కూడా చికిత్సలో భాగమవుతాయి.

4. నింద – చికిత్స
నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దీనికి వైద్యుల కొరతతోపాటు లోకనిందా ఒక కారణం.

ఆ నింద క్రియాపదాల్లోనూ దాగి ఉంటుంది. దోపిడీకి 'పాల్పడ్డాడు', అవినీతికి 'పాల్పడ్డాడు' అన్నట్టే ఆత్మహత్యకు 'పాల్పడ్డాడు' అని రాస్తున్నాం. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. చట్టం నేరభావనను తొలగించినా మన క్రియాపదం దానిని మోస్తూనే ఉంది.

5. ముగింపు
సెలవుచీటీలో విద్యార్థి 'జ్వరం' అని రాయగలడు. 'దిగులుగా ఉంది, నిద్ర పట్టడం లేదు' అని రాయలేడు. ఆ వాక్యం రాయగలిగే తరగతిగదిని నిర్మించడం భాషాధ్యాపకుల బాధ్యత కూడా. దిగులు రెండు వారాలకు పైగా వీడక, చదువుకూ పనికీ అడ్డుపడుతుంటే వైద్యులను సంప్రదించాలి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తుంది. బాధకు సరైన పేరు పెట్టగలిగితే సహాయం అడగడం సులువవుతుంది.