సంగటి ముద్ద.. సత్తువకు అండ
* ఓర్పుగా వండితేనే కుదిరే వంట * పిండి పోసి కలపడంలోనే మెలకువ

చిత్తూరు: రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు అన్నం పండుగ వంట, సంగటి నిత్య భోజనం. వర్షాభావాన్ని తట్టుకునే రాగి మెట్ట పొలాల్లో విరివిగా పండేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదల ఇళ్లలోనూ మూడు పూటలా వరి అన్నం చేరింది. ఆకలి తీరింది గానీ సంగటి కెలికే తెడ్డు క్రమంగా అటకెక్కింది. ఇప్పుడు మధుమేహం, రక్తహీనత భయంతో చాలా కుటుంబాలు మళ్లీ రాగి పిండి కొంటున్నాయి. అయితే వండే తీరు తెలియక ఉండలు కట్టిందని, పచ్చి వాసన వస్తోందని ఒకటి రెండుసార్లకే మానేస్తున్నవారూ ఉన్నారు.

వండే విధానం
గ్లాసు బియ్యాన్ని కడిగి అరగంట నానబెట్టాలి. ఐదు గ్లాసుల నీటిలో తగినంత ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. గంజి ఇంకా మిగిలి ఉండగానే గ్లాసున్నర రాగి పిండిని నడిమధ్యన కుప్పగా పోయాలి. వెంటనే కలపరాదు. అలా కలిపితే పిండి పైపొర జిగురుగా మారి లోపలికి నీరు చేరదు. ఉండలు కట్టేది అందుకే. తెడ్డు కాడతో కుప్ప మధ్యలో రంధ్రం చేసి, మూతపెట్టి, సన్నని సెగపై పది నిమిషాలు ఉంచాలి. ఆవిరికి పిండి ఉడుకుతుంది. అప్పుడు దించి, గిన్నెను కదలకుండా పట్టుకుని బలంగా కెలకాలి. తడి చేత్తో ముద్దలు చేసుకోవాలి. తడి వేలికి అంటుకోకుంటే ఉడికినట్లే.

జతగా ఏమిటి?
వేయించిన చెనిగింజలు, ఎండుమిరప, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు కలిపి రోట్లో నూరిన ఊరుబిండి చాలు. ఆకుకూర పప్పు, ఉలవచారు కూడా సంగటికి తగినవే. రాత్రి మిగిలిన ముద్దను నీటిలో ఉంచి, ఉదయం మజ్జిగ, ఉల్లిపాయతో కలుపుకుంటే కూలికి వెళ్లేవారికి చలువ చేసే చద్ది.

పోషకాలు ఎంత?
వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాముల లోపే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రాగుల్లో ఇనుము ఉన్నా, వాటిలోని ఫైటేట్లు దాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఈ లోపం తగ్గుతుంది. భోజనంలో నిమ్మరసం చేర్చడం, తిన్న వెంటనే టీ తాగకపోవడం మేలు. రక్తహీనత ఉన్నవారు వైద్యులిచ్చిన మాత్రలు మాత్రం మానరాదు.

అపోహ వద్దు
రాగి తింటే చక్కెర పెరగదన్న నమ్మకం సరికాదు. ఇందులోనూ పిండి పదార్థమే అధికం. మధుమేహులు ముద్ద పరిమాణం తగ్గించి, పప్పు, కూర పెంచుకోవాలి. పల్చని జావ త్వరగా జీర్ణమవుతుంది కనుక దాని కంటే గట్టి ముద్దే నయం.

బియ్యం, పిండి, గుప్పెడు చెనిగింజలు.. అన్నీ ఊరి అంగడిలో దొరికేవే. పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఒకసారి పక్కన నిలబడి కెలికి చూస్తే, ఈ వంట మరో తరానికి అందుతుంది.