కణము తన నెలవు నెఱుగు విధము

జంతుశరీరమందలి కణములలో అనేకము ఒంటరిగ బ్రతుకజాలవు. రక్తకణముల మాట వేరు. చర్మము, ప్రేవులు, రక్తనాళములు మొదలగువాని లోపలి కణములు ఏదో యొక ఆధారమును అంటిపెట్టుకొనియే యుండవలెను. పట్టు తప్పినచో అవి తమ మరణమును తామే తెచ్చుకొనును. 1994లో ఫ్రిష్, ఫ్రాన్సిస్ అను పరిశోధకులు ఈ మరణమునకు గ్రీకు భాషనుండి 'అనాయికిస్' అను పేరు పెట్టిరి. ఇల్లు లేమి యని దాని భావము.

అట్లయిన, పట్టు ఉన్నదో లేదో కణము లోపలికి తెలియు టెట్లు? పైపొరకు లోపలను వెలుపలను చాచుకొనియున్న ఇంటెగ్రిన్ ప్రోటీనులు ఆధారమును పట్టుకొనును గాని, వానికి స్వయముగ ఎంజైము శక్తి లేదు. చేయి యున్నది, నోరు లేదన్నమాట. ఆ నోరు 1992లో దొరకినది. ఫోకల్ అడ్హీషన్ కైనేజు, క్లుప్తముగ ఫాక్, అను ఎంజైము ఇంటెగ్రినులు గుంపుగూడిన తావులందు లోపలివైపున చేరును.

దీని పని చూచుటకు చిన్నది: ఏటీపీనుండి ఒక ఫాస్ఫేటును తీసి, ప్రోటీనునందలి టైరోసిన్‌కు ముద్రవలె తగిలించుట. (ఈ ఏటీపీని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడ అదే యేట కనుగొనెను.) పట్టు చిక్కగనే, ముడుచుకొనియున్న ఫాక్ విప్పుకొని, మొదట తన 397వ స్థానముననే ముద్ర పడనిచ్చును. ఆ ముద్రకు సార్క్ అను మరియొక ఎంజైము వచ్చి అంటుకొని, మరికొన్ని చోట్ల ముద్రలు వేసి, ఫాక్‌ను పూర్తిగ మేల్కొల్పును. పిదప రెండును కలిసి పాక్సిలిన్ మున్నగు ఇరుగుపొరుగు ప్రోటీనులకు ముద్రలు వేయును. బ్రతుకుట, విభజన చెందుట, కదలుట యను నిర్ణయములకు వార్త అట్లు చేరును. ముద్రలను చెరపు ఫాస్ఫటేజులును కలవు.

1995లో ఫాక్ లేని ఎలుక పిండములను పరీక్షింపగా అవి గర్భమందే నశించినవి. వింత యేమనగా, వాని కణములు పట్టు కోల్పోలేదు. పైగా అంటుకొను తావులు ఎక్కువై, చురుకుగ కదలలేకపోయినవి. పట్టు విడుచుటకును ఈ ఎంజైమే కావలెనని తేలినది.

అనేక క్యాన్సరులలో ఫాక్ మితిమీరి యుండును. ఆధారము వీడిన కణము చావక దూరావయవములకు పోవుటకు అది తోడ్పడును. ఫాక్‌ను అడ్డగించు మందులు ఒంటిగ ఇచ్చినప్పుడు అంతగ ఫలింపలేదు. 2025 మే నెలలో మాత్రము, డిఫాక్టినిబ్‌ను అవుటోమెటినిబ్‌తో కలిపి, కేరాస్ జన్యువు మార్పు చెందిన ఒకానొక అండాశయ క్యాన్సరు తిరుగబెట్టిన స్త్రీలకు వాడుటకు అమెరికా ప్రభుత్వము అనుమతించినది.