పానా పెట్టెలో భౌతిక శాస్త్రం

విద్యార్థులారా! మీ ఇంట్లో మోటారు సైకిలు ఉందా? లేకపోయినా మీ వీధిలో మెకానిక్ షెడ్డు ఉండే ఉంటుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి గమనించండి. మెకానిక్ నట్టును ఒకసారి చూస్తాడు. పెట్టెలోని పదిహేను పానాలలో దానికి సరిపోయేదే పైకి తీస్తాడు. పెద్దగా బలం వేసినట్టు కూడా కనిపించదు, నట్టు ఊడి వస్తుంది. ఇందులో రహస్యం ఏమిటి?

ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక పాత మోటారు సైకిలు కొన్నాను. ఒక ఆదివారం స్పార్కు ప్లగ్గు ఊడదీసి, శుభ్రం చేసి మళ్ళీ బిగించాను. దారిలో ఊడిపోతుందేమోనన్న భయంతో, ప్లగ్గు పానా కడ్డీకి ఇనుప గొట్టం తొడిగి మరీ తిప్పాను. గట్టిగా బిగుసుకుంటున్న ప్లగ్గు ఉన్నట్టుండి వదులై ఊరికే తిరగసాగింది. ఇంజను హెడ్డులోని మర తెగిపోయింది! మరునాడే పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. పొరుగూరి కేంద్రంలో నాకు డ్యూటీ. తెల్లవారుజామున లేచి, రెండు బస్సులు మారి, గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు చేరుకున్నాను.

తరువాత బండి బాగుచేసిన మెకానిక్ నవ్వి, "ప్లగ్గు ఉక్కు, హెడ్డు అల్యూమినియం మాస్టారూ! బలం ఉంది గదా అని చూపిస్తే మెత్తనిదే తెగుతుంది" అన్నాడు. తరగతిలో నేను చెప్పే పాఠమే అతను నాకు చెప్పాడు!

ఇంట్లో బండి చూసుకోవడానికి ఏయే పనిముట్లు కావాలో తెలుసుకునే ముందు, అవి ఏం చేస్తాయో తెలియాలి. మంచి పనిముట్టు చేసే పనులు మూడు: సరిగ్గా పట్టుకోవడం, బలాన్ని పెంచడం, కొలవడం.

సరిగ్గా పట్టుకోవడం

పానా మీద 10, 12, 14 వంటి అంకెలు చెక్కి ఉంటాయి. నట్టుకు ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాల మధ్య దూరం అన్ని మిల్లీమీటర్లు అన్న మాట. 8, 10, 12, 14, 17, 19 కొలతల పానాలుంటే మన చిన్న మోటారు సైకిళ్ళలో చాలా పనులు జరిగిపోతాయి. 12 నట్టుకు 13 పానా పెడితే ఏమవుతుంది? ముఖాలను పట్టుకోకుండా మూలలను మాత్రమే తాకి జారుతుంది. మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. ఆ తరువాత సరైన పానాకు కూడా అది లొంగదు.

నోరు తెరిచిన పానా నట్టును రెండు పక్కల మాత్రమే పట్టుకుంటుంది. రింగు పానా ఆరు మూలలనూ పట్టుకుంటుంది. కాబట్టి బిగుసుకున్న నట్టును ముందు రింగు పానాతో కదిలించి, వదులయ్యాక నోటి పానాతో త్వరగా తిప్పాలి.

నోటి పానాను బల్ల మీద పెట్టి చూడండి. దాని నోరు పిడికి తిన్నగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకు వంగి ఉంటుంది. ఎందుకో తెలుసా? నట్టుకు ఆరు ముఖాలు, అంటే 60 డిగ్రీలకొక ముఖం. నోరు తిన్నగా ఉంటే, ప్రతిసారీ పానాను 60 డిగ్రీలు తిప్పితేగాని తీసి మళ్ళీ పెట్టలేం. ఇంజను పక్కన అంత చోటు ఎక్కడిది? వంగిన నోరైతే, ఒకసారి తిప్పి, పానాను బోర్లించి మళ్ళీ పెట్టవచ్చు. అప్పుడు 30 డిగ్రీల చోటు చాలు! ఒక పాత నట్టు మీద చేసి చూడండి.

స్క్రూడ్రైవరుకూ ఇదే సూత్రం. ప్లస్సు గుర్తు స్క్రూకు దాని మొన గాడి నిండా కూర్చోవాలి. చిన్న మొన పెట్టి తిప్పితే గాడి అరిగిపోతుంది. ఇక కటింగ్ ప్లేయరు తీగలను పట్టుకోవడానికి, వంచడానికి, కత్తిరించడానికి. దానితో నట్లు విప్పకూడదు.

బలాన్ని పెంచడం

తలుపును బందుల దగ్గర చెయ్యి పెట్టి నెట్టండి. తరువాత అంచు దగ్గర నెట్టండి. ఏది తేలిక? అంచు దగ్గరే గదా! తిప్పే సామర్థ్యం బలం మీదనే కాదు, దూరం మీద కూడా ఆధారపడుతుంది. బలాన్ని లంబ దూరంతో గుణిస్తే వచ్చేదే బల భ్రామకం. మెకానిక్కులు దీన్ని టార్కు అంటారు.

నా ప్లగ్గు మర వ్యాసం 10 మిల్లీమీటర్లు. అలాంటి ప్లగ్గుకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల టార్కు చాలు. నేనేం చేశాను? కడ్డీ, గొట్టం కలిపి 45 సెంటీమీటర్లు. నా చెయ్యి వేసిన బలం 200 న్యూటన్లు అనుకుందాం, అంటే దాదాపు 20 కిలోల బరువు. 200 × 0.45 = 90 న్యూటన్ మీటర్లు! కావలసినదానికి సుమారు ఎనిమిది రెట్లు. మర తెగక ఏమవుతుంది?

ఇప్పుడు 10 పానాను, 19 పానాను పక్కపక్కన పెట్టండి. చిన్న నట్టు పానా పొట్టిగా, పెద్ద నట్టు పానా పొడవుగా ఉంటుంది. చిన్న బోల్టుకు ఎక్కువ టార్కు అందకుండా చేసే ఏర్పాటు ఇది. గొట్టం తొడిగితే ఆ ఏర్పాటును మనమే చెడగొట్టినట్టు.

కొలవడం

చాలా ఇళ్ళ పానా పెట్టెల్లో లోపించేది ఇదే. గొలుసు వదులు చూడడానికి మీ స్కేలే పనిముట్టు. చాలా చిన్న బళ్ళలో గొలుసు మధ్యభాగం సుమారు 2 నుంచి 3 సెంటీమీటర్లు పైకీ కిందికీ కదలాలి. సరైన అంకె మీ బండి పుస్తకంలో ఉంటుంది. గాలి కొలిచే గేజీ ఒకటి ఉండాలి. బంకులో "ముందు 25" అంటే చదరపు అంగుళానికి 25 పౌండ్ల పీడనం. బండి నడిచాక టైరు వేడెక్కి పీడనం పెరుగుతుంది గనుక, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ప్లగ్గు మొనల మధ్య సందు ఒక మిల్లీమీటరుకు లోపే. దాన్ని ఫీలరు గేజీ అనే సన్నని రేకుల కట్టతో కొలుస్తారు.

టార్కును కొలిచే రెంచి ఖరీదైనది. మీరు దాని సూత్రాన్ని తక్కువ ఖర్చుతో చూడవచ్చు. పాత బోల్టును బెంచి వైసులో బిగించి, నట్టుకు పానా పెట్టండి. నట్టు కేంద్రానికి 15 సెంటీమీటర్ల దూరంలో స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి, పానాకు లంబంగా లాగండి. త్రాసు 7 కిలోలు చూపితే బలం సుమారు 70 న్యూటన్లు. 70 × 0.15 = 10.5 న్యూటన్ మీటర్లు. ఒక ప్లగ్గుకు ఎంత బిగువు చాలునో అప్పుడు మీ చేతికే తెలుస్తుంది.

జాగ్రత్తలు

పెద్దవారు పక్కన ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి. బండిని గట్టి, సమతల నేల మీద నిలపండి. ఇంజను, సైలెన్సరు చల్లారాక ముట్టుకోండి. మూసిన గదిలో ఇంజను నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కాని ప్రాణం తీస్తుంది. పెట్రోలు దగ్గర నిప్పు ఉండకూడదు. ఊడదీసిన నట్లు వరుసగా ఒక పళ్ళెంలో పెట్టండి. బ్రేకుల పనినీ, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.6 బళ్ళలోని ఇంధన పరికరాలనూ, విద్యుత్ బళ్ళ బ్యాటరీలనూ తెలిసినవారికే వదిలేయండి.

ఈ నెల మీ పని ఇది: ఇంట్లోని బండి పుస్తకం తెరవండి. గొలుసు వదులు, టైర్ల గాలి, ప్లగ్గు సందు ఎంతెంత ఉండాలో నోటు పుస్తకంలో రాసుకోండి. పానా పట్టుకోవడం ఆ తరువాత!